కాళ్ళు మునిగేంత నీళ్ళు

చంద్రగిరి
ఫిబ్రవరి 9

లోకేశ్వరికి ఆయిషా రాసేది.

సుల్తాన్‌ను నీ దగ్గర ఉంచుకోవడానికి ఒప్పుకున్నావని నీ కోడలు రేవతి ఫోన్లో చెప్పింది. ఆ అమ్మాయి మీద నమ్మకం లేక కాదు గానీ, ఇలాంటి జాగ్రత్తలు ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోయేసరికి సగం రాలిపోతాయి. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన నిలబడి నిలబడి నీ చెవులు పోయాయి. ఫోన్లో మెసేజి పెడితే రేవతి చదివాకే నీకు చేరుతుంది. అది నీకు గిట్టదు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. నేనూ అక్కడికి సీజను పనికి వచ్చిన రోజుల్లో, ఒకే బల్ల దగ్గర మామిడికాయలు కోసినప్పుడు కూడా ఆ మోతలో మనం సైగలతోనే మాట్లాడుకున్నాం. ఇప్పుడు రాసుకుందాం.

ఇక్కడి ఓనరు పాత పెంకుటిల్లు కొట్టేసి మేడ కడుతున్నాడు. "ఆయిషమ్మా, వినాయక చవితికంతా కింద వాటాలో మళ్ళా నీ మిషనే తిరుగుతాది" అన్నాడు. అంతవరకు రేణిగుంటలో మా అమ్మాయి షగుఫ్తా దగ్గర ఉంటాను. వాళ్ళది రెండో అంతస్తు. పిడికెడు మన్ను లేదు. తాబేలును అక్కడ పెట్టలేను.

సుల్తాన్ సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మా తమ్ముడి కొడుకు సమీర్ చెన్నైలో ఒక అంగడిలో అరచేతిలో పట్టే పిల్లను కొన్నాడు. రెండు నెలలకు మోజు తీరి నా దగ్గర వదిలేశాడు. మా ఆయన పోయిన ఏడాది అది. అప్పటి నుంచి నా కుట్టుమిషన్ కిందే పెరిగాడు. మిషన్ తొక్కుతుంటే వచ్చి కాలి పక్కన పడుకుంటాడు, ఆపితే లేచి పోతాడు. ఇప్పుడు చేటంత అయ్యాడు. మన కొండల్లో తిరిగే చుక్కల తాబేలు కాదు, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది. వీడు ఆఫ్రికా జాతి. సమీర్ వీడి వివరాలు అటవీ శాఖకు ఆన్‌లైన్లో ఎక్కించాడు. ఆ కాగితం క్రేటులోనే పెడుతున్నాను.

ముందు నీళ్ళు. మన వైపు నీళ్ళు శుభ్రంగా ఉంటాయని బావిలో తాబేలును వదులుతారు. అది వేరే జాతి. వీడు నేల మీద బతికేవాడు, ఈత రాదు, లోతులో పడితే మునిగిపోతాడు. అంచు పొట్టిగా ఉండే వెడల్పాటి సత్తు పళ్ళెం పంపుతున్నాను. దాంట్లో గోరువెచ్చని నీళ్ళు పొయ్యి. కాళ్ళు మునిగేంత, అంతే. ఎండాకాలంలో రోజు విడిచి రోజు అరగంట కూర్చోబెట్టు. మొదట కదలడు. తర్వాత తల వంచి ముక్కు నీళ్ళలో పెడతాడు. గొంతు కదిలిందంటే తాగుతున్నాడని. తాగి ఆ నీళ్ళలోనే ఒంటేలు పోస్తాడు, పారబోసి మళ్ళీ పొయ్యి.

మేతంటే గడ్డే. గరిక, ఎండు గడ్డి, ఏదైనా తింటాడు. నడుమ నడుమ అటికమామిడాకు, మందారాకు, ముళ్ళు కాల్చిన నాగజెముడు మట్ట. మల్బరీ ఆకు కూడా పెట్టవచ్చు, మందు కొట్టలేదని అడిగి తెచ్చుకో. పండ్లు వద్దు. అన్నం, పప్పు అసలే వద్దు.

నా పాత కుట్టు టేపు ఇందులో పెడుతున్నాను. నెలకోసారి వీపు పొడవు కొలిచి రాయి. ఆదివారం సమీర్ ఆటోలో వస్తాడు.

ఆయిషా


బంగారుపాళ్యం
ఫిబ్రవరి 20

ఆయిషక్కకు,

మీ సుల్తాన్ చేరింది. సమీర్ క్రేటు దించి నా మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ, "పిన్నమ్మా, మా అత్తకు నా కంటే ఇదే ఎక్కువ" అన్నాడు. మంచి పిల్లోడు. చెవిటివాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుసు.

ఆవుల కొట్టం మూలలో వదిలాను. సాయంత్రానికి గోడ పక్కన గుంత తవ్వుకుని సగం లోపలికి దూరింది. ఎదురింటి దొరస్వామి మామ వచ్చి, "ఏందిమే లోకేశ్వరీ, రాయికి గడ్డేస్తా ఉండావు" అన్నాడు. అప్పుడే రాయి నడిచింది. మామ చెప్పులు వదిలేసి వాకిట్లోకి పోయినాడు. మా రేవతి నవ్వలేక గోడ పట్టుకుంది.

నీ ఉత్తరం చదివాను. ఇన్ని జాగ్రత్తలు మా అమ్మ నాకు కాన్పప్పుడు కూడా చెప్పలేదు. అక్కా, నేను మూడు తరాల ఆవులను సాకిన మనిషిని. మా పెయ్యదూడ తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను, అది ఇప్పుడు పూటకు ఆరు లీటర్లు ఇస్తోంది. నోరు లేనిది ఏదైనా నా చేతికిందికి వస్తే బక్కచిక్కి పోలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ టేపుతో కొలవడం నాకు రాలేదు, వీపు గుండ్రంగా ఉంది. మామిడికాయల కాటా మీద పెట్టాను. ఆరు కిలోల నాలుగు వందలు. ఇకమీదట కాటా లెక్కే రాస్తాను.

రేవతి జాకెట్టును ఇక్కడి టైలరు మళ్ళీ చెడగొట్టాడు. చంకలో పట్టేస్తోంది. నీ కుట్టు తలుచుకున్నాం.

లోకేశ్వరి


రేణిగుంట
మార్చి 12

లోకేశ్వరికి,

నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. వాడు గుంత తవ్వుకున్నాడంటే అక్కడ కుదురుకున్నాడని.

ఇక్కడ అందరం బాగున్నాం. షగుఫ్తా బాగా చూసుకుంటోంది. అల్లుడు నియాజ్‌కు గోడౌన్లో రాత్రి డ్యూటీ. వంటింటి కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయి. మిషన్ బాల్కనీలో ఉంది, పైన పట్ట కప్పాం. సర్దుకున్నాక విప్పుతాను.

నువ్వు నీళ్ళ సంగతి రాయలేదు. పళ్ళెంలో తల వంచి తాగుతున్నాడా? గొంతు కదలడం నీ కంటితో చూశావా? బరువు ఒక్కటే చాలదు. తిండి ఎక్కువైనా బరువు పెరుగుతుంది, కడుపులో ఏదైనా పేరుకున్నా పెరుగుతుంది. ఎండలు ముదురుతున్నాయి. పగలు వాడి గుంతలో ఒక చెంబు నీళ్ళు చల్లు, చెమ్మగా ఉంటే చాలు.

ఆయిషా


బంగారుపాళ్యం
మే 20

ఆయిషక్కకు,

జవాబు ఆలస్యమయింది. మా తోటలో కాయ దిగుబడి మొదలు కాకముందు తీగ కంచె వేయించాను.

మీ సుల్తాన్ ఎనిమిది కిలోలకు వచ్చింది. చదివావా? ఎనిమిది. పాలకేంద్రానికి వచ్చే ఆడవాళ్ళంతా ఒకసారి మా కొట్టంలోకి తొంగి చూసి పోతున్నారు. ఒకామె, "ఏం పెడతా ఉండావక్కా, మా ఆయనకీ పెడతాను" అంది.

ఏం పెడుతున్నానో నీకూ చెబుతాను. గడ్డి తినడానికి దానికి సగం రోజు పడుతుంది. చూస్తే జాలేసింది. పొద్దున ఆవుకు కుడితి కలుపుతాను కదా. బియ్యం కడుగు నీళ్ళలో తవుడు, వేరుశనగ చెక్క, పిడికెడు ఉప్పు. దాంట్లోంచి ఒక గిన్నె తీసి దీనికీ పెడుతున్నాను. మూతి మునిగేదాకా తింటుంది. నీళ్ళ బాధ కూడా తీరిపోయింది, కుడితిలో సగానికి పైన నీళ్ళే. అందుకే పళ్ళెం తీసి పక్కన పెట్టాను. నీళ్ళు ముట్టించడం లేదనుకోకు. ఆవులను కడిగేటప్పుడు పైపు దాని మీద కూడా తిప్పుతున్నాను. వీపు నిగనిగలాడుతోంది.

వచ్చే వారం ఫ్యాక్టరీ మొదలవుతుంది. తొక్కల ట్రాక్టరు మా గేటు దగ్గరే దిగుతుంది. మా ఆవులకు అది పండగ. మీ సుల్తాన్‌కు కూడా రుచి చూపిస్తాను.

మా ముందు గది క్రేట్లతో నిండి ఉండేది, అన్నీ తోటకు పోయాయి. ఇప్పుడు ఖాళీగా ఉంది. నువ్వు చూడటానికి వస్తే పడుకోవడానికి చోటుంది.

లోకేశ్వరి


రేణిగుంట
మే 27

లోకేశ్వరికి,

నువ్వు మంచే అనుకుని చేశావు. అది నాకు తెలుసు. కానీ ఈ ఉత్తరం చేతికి అందిన పూటే కుడితి ఆపెయ్యి.

వాడు పాడి ఆవు కాదు. చెక్క, తవుడు తిన్నది పాలుగా బయటికి రావడానికి వాడికి పొదుగు లేదు. అది లోపల సున్నంలాగా పేరుకుంటుంది. దాన్ని కడుక్కుని బయటికి పంపాలంటే వట్టి నీళ్ళు కావాలి. ఉప్పు వేసిన కుడితి నీళ్ళ కింద లెక్కకు రాదు, అది తాగే కొద్దీ ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా పోతాయి. పైపుతో వీపు మీద పోసిన నీళ్ళు కడుపులోకి దిగవు.

వాడి ఒంటేలులో తెల్లగా పడుతుంది, అది మామూలే. పెరుగులా జారుతూ ఉంటే ఫరవాలేదు. వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా తగిలిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని. కళ్ళు లోపలికి పోయాయేమో చూడు. నోట్లో జొల్లు తీగలా సాగుతోందేమో చూడు. చూసి నాకు రాయి.

మామిడి తొక్క వాసన కూడా తగలనివ్వకు. తీపికి నోరు పడితే గడ్డి ముట్టడు, కడుపు జారుతుంది, ఉన్న నీళ్ళు దాంతో పోతాయి.

ఇదంతా నా గొప్పతనం కాదు. వాడు చిన్నగా ఉన్నప్పుడు తిరుపతిలో పశువుల డాక్టరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆమె చెప్పింది నేను నీకు మొదటే రాశాను.

ఆయిషా


బంగారుపాళ్యం
జూన్ 14

ఆయిషక్కకు,

నువ్వు చెప్పిన రోజే కుడితి ఆపాను.

సీజను జోరుగా ఉంది. పొద్దున పోతే రాత్రికి ఇల్లు. నిలువుకాళ్ళ మీద పని. కొట్టం రేవతి చూసుకుంటోంది.

పొదుగు లేదన్న మాట రేవతికి చూపించాను. నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా చేతి మేత గురించి ఇంతదాకా ఎవరూ ఒక మాట అనలేదు.

తీరిక లేదు. ఉంటాను.

లోకేశ్వరి


రేణిగుంట
జూన్ 22

లోకేశ్వరికి,

నా మాట నీకు గట్టిగా తగిలింది. తగలాలనే రాశాను. దానికి కోపం ఉంటే ఉండనీ.

కానీ ఈసారి నువ్వు కాటా లెక్క రాయలేదు. ముందు రెండు ఉత్తరాల్లోనూ రాశావు. కళ్ళ సంగతి అడిగాను, రాయలేదు. షగుఫ్తా చేత రేవతికి ఫోన్ చేయించాను. "బాగుండాది పెద్దమ్మా, అత్తే రాస్తానన్నాది" అని పెట్టేసింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు, అందుకే అంత తొందరగా పెట్టేసింది.

ఉన్నదున్నట్టు రాయి. వాడు బతికి ఉన్నాడా?

ఆయిషా


బంగారుపాళ్యం
జూలై 5

అక్కా,

బతికి ఉన్నాడు. ముందు అది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

జూన్‌లో నేను రాసింది అబద్ధం కాదు, సగం. కుడితి ఆపిన మాట నిజం. పళ్ళెంలో మళ్ళీ కూర్చోబెట్టమని రేవతికి చెప్పాను, ఆ పిల్లకు కొట్టం, వంట, తోట, అన్నీ ఒక్కతే. పూటకు పూట తప్పిపోయింది. నేనూ అడగలేదు. గేటు దగ్గర తొక్కల కుప్ప పడిన రోజు నుంచి వాడే నడిచిపోయి తిన్నాడు. తాబేలు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. గడ్డిని అంత మెల్లగా నమిలేవాడు తొక్కలకు మాత్రం పరుగు. కడుపు జారింది. నాలుగు రోజులకు తినడం మానేశాడు. తెల్లది పడింది, నలిపి చూశాను. ఇసుకే.

పళ్ళెంలో నీళ్ళు పోసి కూర్చోబెడితే తల బయటికి పెట్టలేదు. కళ్ళు గుంతలు పడ్డాయి. ఫ్యాక్టరీకి సెలవు చెప్పాను. సీజను నడుమ సెలవేందని సూపర్‌వైజరు అరిచాడట, నాకు వినపడలేదు.

క్రేటు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరుపతి పోయాను. కండక్టరు లోపలికి చూసి, "ఏమ్మా, దీనికి టికెట్టు కొట్టాల్నా" అన్నాడు. ముందు సీటాయన నా వైపు తిరిగి, "ముసిలోళ్ళకు సగం కదప్పా, దీని వయసు అడుగు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను.

పశువుల పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. నీ డాక్టరమ్మేనేమో తెలియదు. నాకు వినపడదని కాగితం మీద రాసి చూపించింది. ఎక్స్‌రే తీశారు. ఒంటేలు తిత్తిలో రాయి, చింతగింజంత. "ఇప్పుడు కోయలేము, ఒంట్లో నీళ్ళు లేవు. పూటకోసారి గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. నీళ్ళు పడితే రాయి తనంతట కదలవచ్చు. నెల చూసి కదలకపోతే ఆపరేషన్. బతుకుతుందని మాట ఇవ్వలేను" అని రాసింది. సూదితో కొంచెం నీళ్ళు ఎక్కించింది.

అక్కడి నుంచి రేణిగుంట ఎంత దూరమో నాకు తెలుసు. బస్టాండులో నిలబడి ఆలోచించాను. ఆ క్రేటు పట్టుకుని నీ మెట్లు ఎక్కడానికి కాళ్ళు రాలేదు. ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు ఫ్యాక్టరీ మానేశాను. పొద్దున, సాయంత్రం నేనే కూర్చోబెడుతున్నాను. ఇంకా తల వంచలేదు.

నన్ను ఏమన్నా అను. కానీ నీ సంగతి ఒకటి అడగాలి. జాకెట్టు మాట లేకుండా నువ్వు పది నిమిషాలు మాట్లాడిన మనిషివి కాదు. రేణిగుంట నుంచి ఇన్ని ఉత్తరాలు రాశావు, మెడ మాట లేదు, చేతి మాట లేదు. రేవతి జాకెట్టు చంకలో పట్టేస్తోందని రాస్తే ఏం చేయాలో కూడా చెప్పలేదు. మిషన్ మీద పట్ట తీశావా?

లోకేశ్వరి


రేణిగుంట
జూలై 10

లోకేశ్వరికి,

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. ఒక వాక్యం రాసి కొట్టేశాను. పైన ఆ నల్ల గీత అదే. వెలుతురుకు పట్టి చదువుకోవాలంటే చదువుకో.

నువ్వు క్రేటు పట్టుకుని బస్సెక్కావు. అది చాలు. ఇక చేయాల్సింది రాస్తాను.

నోట్లో బలవంతంగా ఏమీ కుక్కకు. ముందు నీళ్ళు, తర్వాతే మేత. నీళ్ళు కాళ్ళు మునిగేంతే, గడ్డం ఆనితే చాలు. చల్లారితే మళ్ళీ వెచ్చనివి కలుపు. నాగజెముడు మట్ట ముళ్ళు కాల్చి, చీల్చి, ముక్కుకు ఎదురుగా పెట్టు. అందులో మేత, నీళ్ళు రెండూ ఉన్నాయి.

ఇంకొకటి. ఇది డాక్టరమ్మ చెప్పింది కాదు. వాడు నా మిషన్ అదురు మీద పెరిగాడు. పళ్ళెం పక్కన కూర్చుని మడమతో నేల మీద మెల్లగా తట్టు, మిషన్ తొక్కినట్టు, ఆపకుండా. తల బయటికి పెడతాడేమో చూడు.

నువ్వు అడిగినదానికి జవాబు. పట్ట తీయలేదు. నియాజ్ రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకుంటాడు. తొక్కితే కింది ఇంటికి కూడా అదురుతుందంట, ఒకసారి వాళ్ళు పైకి వచ్చి చెప్పిపోయారు. "ఇంకెన్నాళ్ళు కుడతావమ్మీ, సుఖంగా కూర్చో" అని షగుఫ్తా అంది. కూర్చున్నాను. వాళ్ళ తప్పేమీ లేదు. వేళకు అన్నం పెడతారు. నాకే పళ్ళెంలో సగం మిగిలిపోతోంది.

చంద్రగిరి ఇల్లు కూడా లేదు. ఓనరు కింది వాటాను మందుల గోడౌనుకు ఇచ్చేశాడు. "వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారు, ఏం చేసేది ఆయిషమ్మా" అన్నాడు. జూన్‌లోనే తెలిసింది. సుల్తాన్‌ను తీసుకుపోయి పెట్టుకోవడానికి నాకు నేల లేదు. ఆ మాట రాస్తే వాడు నీకు బరువవుతాడని రాయలేదు. నువ్వు సగం రాశావు, నేనూ సగమే రాశాను.

రాయి కదిలితే రాయి. కదలకపోయినా రాయి.

ఆయిషా


బంగారుపాళ్యం
ఆగస్టు 2

అక్కా,

రాయి పడింది.

మొదటి నుంచి చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం పళ్ళెం పక్కన పీట వేసుకుని మడమతో తట్టడం మొదలుపెట్టాను. దొరస్వామి మామ వచ్చి చూసి, "దీనికి తాళం కూడా ఏస్తా ఉండావా" అన్నాడు. వేస్తానన్నాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. నా కాలు పీకింది గానీ ఆపలేదు. నాకైతే ఆ సంగతి నమ్మశక్యంగానే అనిపించింది. ఫ్యాక్టరీలో బాయిలర్ తిరుగుతోందా ఆగిందా అనేది ఇప్పుడు నాకు చెవి చెప్పదు, అరికాలు చెబుతుంది. వాడికీ అంతే అయ్యుండాలి.

మూడో రోజు తల బయటికి వచ్చింది. నా కాలి వైపు చూశాడు. నువ్వు కాదని తెలిసిందేమో, మళ్ళీ లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు. ముక్కు నీళ్ళలో పెట్టాడు. గొంతు కదిలింది. అక్కా, నీళ్ళ మట్టం నా కళ్ళ ముందే వేలంత తగ్గింది.

ఆ తర్వాత రోజూ తాగాడు. తెల్లది పల్చబడింది. నాగజెముడు మట్ట అంచు కొరికాడు, మరునాటికి మట్ట మొత్తం తిన్నాడు.

మొన్న బుధవారం పొద్దున నేను తడుతూనే ఉన్నాను, వాడు కాళ్ళు చాపి ముక్కుతున్నట్టు మెడ సాగదీశాడు. చూస్తుండగానే వంటింట్లోంచి రేవతి గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అత్తా, పళ్ళెం టంగుమన్నాది" అంది. నాకు ఆ చప్పుడు తెలియలేదు. రేవతి మొహం చూసి తెలుసుకున్నాను. నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికితే దొరికింది. చింతగింజ కంటే కొంచెం చిన్నది, గరుకుగా ఉంది. డాక్టరమ్మకు చూపించి వచ్చాను. మళ్ళీ ఎక్స్‌రే తీసి, "ఇంకేమీ లేదు, ఇట్లాగే నీళ్ళలో పెట్టండి" అని రాసింది. ఈసారి బస్సులో నేనే కండక్టరుకు చెప్పాను, "వీడికి ఫుల్ టికెట్టే కొట్టప్పా" అని.

బరువు ఏడు కిలోల వంద. తగ్గింది. తగ్గినందుకు సంతోషపడటం నా జన్మలో ఇదే మొదలు.

కొట్టం పక్కన మేస్త్రీ చేత సిమెంటు తొట్టి కట్టించాను. తొట్టి అంటే పేరుకే, పెద్ద పళ్ళెం. ఒక వైపు వాలు పెట్టించాను, వాడే దిగి వాడే ఎక్కుతాడు. లోతు నీ టేపుతో కొలిచి, వాడి కాలికి సరిపోయేట్టు చూశాను. తొక్కల కుప్పకు అడ్డంగా కడ్డీల గేటు పెట్టాను.

ఇప్పుడు అసలు మాట. వాడికి నేల లేదని రాశావు. నేల ఉంది. వాడు నాకు బరువు కాడు, కాటా నా దగ్గరే ఉంది. నీకు మిషన్ పెట్టుకోవడానికి చోటు లేదని కూడా రాశావు. మా ముందు గది రోడ్డు వైపే ఉంది. పక్కా నేల, కరెంటు ఉంది, కింద ఇల్లు లేదు, పగలు పడుకునేవాళ్ళు లేరు. నువ్వు ఎంత తొక్కినా నాకు వినపడదు. ఈ ఊరి టైలరు జాకెట్లతో ఆడవాళ్ళు చేతులు పైకెత్తలేకపోతున్నారు. జాలితో పిలవడం లేదు. బాడుగ ఇవ్వాలి, నెల నెలా. ఇవ్వకపోతే అడుగుతాను.

ఆలోచించుకో. షగుఫ్తాతో తగాదా పడకుండా చెప్పు. ఆ పిల్ల మంచిదే.

లోకేశ్వరి


రేణిగుంట
ఆగస్టు 11

లోకేశ్వరికి,

రాయి పడిందన్న వాక్యం దగ్గర ఆగి, ఉత్తరం మడిచి, నమాజు చేసుకుని వచ్చి మిగతాది చదివాను.

షగుఫ్తాకు చెప్పాను. ఏడ్చింది. "మేమేం తక్కువ చేశామమ్మీ" అంది. ఏమీ తక్కువ చేయలేదన్నాను. వేళకు అన్నం పెట్టారు, నేను తినలేకపోయాను, నాకు పని కావాలన్నాను. నియాజ్, "మిషన్ నేనే తెచ్చి దింపుతాను, వారానికోసారి చూడటానికి వస్తాం" అన్నాడు. తనే బాల్కనీలోకి పోయి పట్ట తీశాడు. లోపల పిచ్చుక గూడు పెట్టి వదిలేసి పోయింది. తుడిచి నూనె వేశాను.

బాడుగ ఇస్తాను. కరెంటుకు వేరే మీటరు పెట్టించు, ఆ తర్వాత మన మధ్య మాటలు రాకూడదు. నా వంట నాది. శుక్రవారం మధ్యాహ్నం మిషన్ ఆడదు. సుల్తాన్ మేత నా ఇష్టం, నీ ఆవుల మేత నీ ఇష్టం. వేరుశనగ చెక్క ఉన్న డబ్బా మీద మూత గట్టిగా పెట్టు.

రేవతి జాకెట్టు విప్పి చంకలో ముక్క కలపాలి, కత్తిరించి కొత్తది కుడితే దండగ. నేను వచ్చేదాకా ఆ టైలరుకు ఇవ్వనివ్వకు. టేపు నీ దగ్గరే ఉంది కదా, కడిగి పెట్టు. ముందు ఆ పిల్ల కొలతలు తీస్తాను.

వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాం. అంతవరకు పొద్దున, సాయంత్రం నువ్వే చూడాలి. వాడు తేరుకున్నాడు కదా అని నువ్వు చెయ్యి వదలవు, ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోస్తావు. నీ సంగతి నాకు తెలుసు. కాళ్ళు మునిగేంతే పొయ్యి.

ఆయిషా